రాహేలమ్మ గంట

“నిప్పు పెట్టిన మనిషి దొరికిపోయిందండీ రుద్రప్పగారూ! మీరు ధర్మవరం నుంచి అనవసరంగా శ్రమపడి వచ్చారు.”

మిల్లు గేటు దాటకముందే నా చెవిన పడిన మాట ఇది. అన్నవాడు చక్రపాణి. సరుకు తనిఖీకని ఇన్సూరెన్సు కంపెనీ మద్రాసు నుంచి పంపిన డిటెక్టివ్, నిన్న సాయంత్రమే దిగాడు. ఎంత ఎండలోనైనా కోటు విప్పడు, నోట్లోని పైపు తియ్యడు. ఆ పైపులో పొగాకు ఉండగా నేనెన్నడూ చూడలేదు. నాదీ డిటెక్టివ్ పనే. మునుపు ఒక కేసులో ఇద్దరం తలపడ్డాం, నేను గెలిచాను. ఆ సంగతి అతను మరిచిపోలేదు, నేనూ మరిచిపోనివ్వలేదు.

“ఎవరండీ ఆ మనిషి?” అన్నాను.

“రాహేలమ్మ. ఈ మిల్లులో సూపర్‌వైజరు. ఫిర్యాదు రాసి సంతకం కూడా పెట్టాను. హెడ్ కానిస్టేబుల్ ఓబులేసు ఆవిణ్ణి రెండు గంటల ప్యాసింజరులో పెనుకొండ కోర్టుకు తీసుకుపోతాడు.”

గేటు గదిలో గడియారం పన్నెండు చూపిస్తోంది. నాకు ఒళ్ళు మండింది. మిల్లు యజమాని గంగాధరప్ప తెల్లవారుజామున ధర్మవరంలో మా ఇంటికి వచ్చి నా చెయ్యి పట్టుకుని అన్న మాట ఒకటే. “ఆ యమ్మను కాపాడు రుద్రప్పా. ఆ యమ్మే లేకుంటే నిన్న నా మిల్లులోనుంచి పాడెలు లేసిండేవి.”

హిందూపురంలో ఆ మిల్లు పట్టుదారానికి పురిపెట్టే మిల్లు. అక్కడ పురిపడిన దారం ధర్మవరంలోని వాళ్ళ రంగుల షెడ్డుకు పోతుంది, అక్కడినుంచి మగ్గాలకు. నిన్న మధ్యాహ్నం అన్నాలు తిని ఆడవాళ్ళు మళ్ళీ పనిలో కూర్చున్నాక, హాలు చివర ఉన్న పట్టు గోడౌనులో మంట లేచింది. హాలు నిండా ఆడవాళ్ళు. ఫైరింజను రావాలంటే ఎక్కడో దూరం నుంచి రావాలి. అయినా ఒక్క ప్రాణం పోలేదు, హాలు కాలలేదు, గోడౌనులో సగం సరుకు మిగిలింది. ఇదంతా ఒక మనిషి చేసిన పని. ఆ మనిషికే ఇప్పుడు బేడీలు సిద్ధం చేశారు.

ఆఫీసు గదిలోకి అడుగుపెట్టేసరికి ఆమె బెంచీమీద కూర్చుని మిల్లులో పనిచేసే ఒకామె కాలికి కట్టు కడుతోంది. పొడుగాటి మనిషి, నెరిసిన జుట్టు బిగించి ముడివేసింది. తెల్లచీర, మెళ్ళో దారానికి విజిలు. పక్కనే ఓబులేసు నిలబడి ఉన్నాడు. ఆమె అతనివైపు చూడనైనా చూడలేదు.

“అంత నిప్పులో ఒక్కరికి బొబ్బ లేయలేదు,” అంటోంది కట్టు బిగిస్తూ. “నీ బొటనవేలు ఒగటి వచ్చి నా పేరు చెడిపింది గదే వెంకటక్కా! ఎవురు తొక్కమన్యారు నిన్ను?”

“నేను తొక్కలేదమ్మా, నన్ను తొక్కినారు,” అంది వెంకటక్క.

“ఎవురు తొక్కినారక్కా?” అన్నాను నేను.

వెంకటక్క తల వంచుకుంది. “ఎవురో సారూ. సందట్లో చూళ్ళేదు.”

అప్పుడే మేనేజరు పాపన్న లోపలికి వచ్చాడు. గంగాధరప్పకు మేనల్లుడు. తెల్లపంచె, పట్టు కండువా, చేతికి గడియారం. గుమ్మం బయట తన కిర్రు చెప్పులు విడిచి మరీ వచ్చాడు. ఆ మిల్లులో కట్టడి అది. యజమాని అయినా సరే, చెప్పులు వసారాలో విడిచే లోపలికి రావాలి. పట్టు ఉన్నచోట చెప్పులు తొడగడం మా వాళ్ళలో ఎక్కడా లేదు. అదీకాక చెప్పులకంటిన ఇసుకరేణువు ఒకటి చాలు, దారం తెగడానికి.

“నిన్న గంట మోగినప్పుడు మీరు యాడుండారు?” అని అడిగాను.

“ఈడే సార్, ఈ కుర్చీలోనే కూర్చోనుంటి. గంట ఇన్యా, లేస్తి. ఆడోళ్ళందర్నీ నేనే ముందుండి వెనక తలుపులోనుంచి బయటికి నడిపిస్తి. నేను లేకుంటే తొక్కుకోని చచ్చిండేవాళ్ళు.”

రాహేలమ్మ ముక్కుతో ఒక శబ్దం చేసింది. పాపన్న పట్టించుకోకుండా చేతి గడియారం చూసుకున్నాడు.

“గోడౌను కాపలా మనిషి చిన్నప్ప కనబడడే?”

“పొద్దున రైలుకు ధర్మవరం పంపిస్తి. ఆ షెడ్డోళ్ళకు సమాచారం తెలియల్ల గదా.”

చక్రపాణి గొంతు సవరించుకున్నాడు. వాదం మొదలుపెట్టే ముందు అతనికది అలవాటు.

“రుద్రప్పగారూ, వినండి. ఈవిడ ఒకే వారంలో రెండుసార్లు ఉత్తుత్తి గంట కొట్టి అందరినీ బయటికి పరుగెత్తించింది. నిన్న పొద్దున హాల్లో ఉన్న ఇసుక బకెట్లు తీయించి గోడౌను గుమ్మం దగ్గర పెట్టించింది. మధ్యాహ్నం సరిగ్గా ఆ గోడౌనే అంటుకుంది! నిప్పు రాబోతోందని తెలియని మనిషి ఇదంతా చేస్తుందా?”

“మా అవ్వ ఏటా వానలు రాకముందే మిద్దె కారకుండా పైన చవుడుమన్ను పోయించేదండీ,” అన్నాను. “వాన ఆమే కురిపించిందంటారా?”

ఓబులేసు మీసం చాటున నవ్వుకున్నాడు. చక్రపాణి నవ్వలేదు.

“వేళాకోళం కాదు. ప్రతి ఆదివారం ఈవిడ ధర్మవరం రైలెక్కుతుంది. సాయంత్రానికి తిరిగివస్తుంది. ఎందుకని అడిగితే చెప్పదు. అడగండి మీరే!”

నేను అడిగాను. ఆమె చేతిలోని దూదిని చుట్టి డబ్బాలో పెట్టింది. పాపన్న వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది.

“ఆ మాట ఈడ చెప్పనప్పా,” అంది. “కోర్టులో అడిగినా చెప్పను. నన్ను పట్టుకపోతే పట్టుకపోనీ. నా నోటిమాటకు ఇంగొకరి పొయ్యిలో పిల్లి పండుకోగూడదు.”

“విన్నారా!” అన్నాడు చక్రపాణి.

విన్నాను. భయపడినవాళ్ళు అలా మాట్లాడరు. ఎవరినో కాపాడుతున్నవాళ్ళు మాట్లాడతారు. కానీ ఆ ఎవరో ఎవరన్నది అప్పటికి నాకు తెలియలేదు.

“బకెట్లు ఎందుకు జరిపినావమ్మా?”

“పట్టు సిప్పాలు మూటమీద మూట అటకదాకా పేర్చినారు. కిటికీ మూసుకుపోయింది. గాలి ఆడదు, మనిషి దూరడు. అట్లాటి గదిలో రవ్వ పడితే ఆర్పేదెట్లా? బకెట్లు యాడ పనికొస్తాయో ఆడ పెట్టినా. ఈ మేనేజరుకు చెప్పినా, సిప్పాలు దించండని. కోతి ఆటలు చాలించమన్యాడు.”

“ఈ పనంతా నీకెట్లా పట్టుబడింది?”

ఆమె మెళ్ళో విజిలును పట్టుకుని తిప్పింది. “నేను బెంగుళూర్లో నర్సుగా పనిచేసినా. ఒగనాడు ఏదో కార్ఖానా కాలిందని ఆడపిల్లోళ్ళను బండ్లమీద తెచ్చినారు. నిప్పు పెద్దది కాదంట. తలుపు లోపలికి తెరుచుకునేదంట. ముందున్నోళ్ళు లాగుతాంటే వెనకున్నోళ్ళు తోసినారు. ఇంగ తలుపు యాడ తెరుచుకుంటాది? వాళ్ళంతా నా చేతుల్లోనే పోయినారప్పా. ఆ పొద్దు అనుకున్యా, నేనుండే తావున ఇట్ల జరగనియ్యనని.”

ఇరవై ఏళ్ళుగా దొంగలనూ అబద్ధాలకోరులనూ చూసి చూసి మొద్దుబారిన మనిషిని. అలాంటి నాకు ఆ క్షణాన లేచి ఆమెకు దండం పెట్టాలనిపించింది. చక్రపాణి ఎదురుగా ఉన్నాడని ఊరుకున్నాను.

“గోడౌను చూద్దాం పదండి,” అన్నాను.

హాలు దాటి పోతూ ఆమె చేసిన ఏర్పాట్లు ఒక్కొక్కటీ చూశాను. తలుపులన్నీ బయటికి తెరుచుకునేలా తిప్పించింది. కిటికీ పక్కన రైలుపట్టా ముక్క వేలాడదీసింది. పనిగంటకు ఒక్క దెబ్బ, నిప్పుకు మూడేసి దెబ్బలు. బావి దగ్గర తొట్టిలో గోనెసంచులు ఎప్పుడూ నానుతూనే ఉంటాయి. ప్రతి మనిషికీ ఒక జత మనిషి ఉంది. బయటికి రాగానే ఎవరి జతను వాళ్ళు పేరుపెట్టి పిలవాలి. పలకకపోతే కేక వెయ్యాలి. ఏ వస్తువుకోసమూ వెనక్కి పోకూడదు, వసారాలో చెప్పులకోసం అసలే పోకూడదు. గోడౌనులో ఉండే దేవుడి పటం కూడా వసారాలోకి మార్పించింది, అగరుబత్తులు అక్కడే వెలిగించాలని. కిరస్తానీ మనిషి దేవుణ్ణి బయటపెట్టిందని పాపన్న గొడవ చేశాడట. ఆడవాళ్ళే అడ్డుపడ్డారట. “సామి గుమ్మంలో ఉంటే మనకు కావిలి గదప్పా, నీకేం కష్టం?” అన్నారట.

గోడౌను సగం నల్లగా ఉంది. అవతలి గోడవైపు సిప్పాలు కాలి కుప్పపడ్డాయి, ఇవతలివి తడిసి ముద్దయ్యాయి. మూలన వంగి చూస్తే కాలిన అగ్గిపెట్టె ఒకటి, దాని పొట్టలో సన్నని వెదురుపుల్ల కనబడ్డాయి. అగరుబత్తి పుల్ల. అగరుబత్తిని వెలిగించి, అగ్గిపుల్లల మధ్య గుచ్చి, పక్కన గడ్డి పెట్టి పోయారు. అది మెల్లగా కాలుతూ అగ్గిపుల్లల దాకా వచ్చేసరికి పెట్టినవాడు బయట హాయిగా ఉంటాడు.

“చూశారా! తీరిగ్గా పెట్టింది,” అన్నాడు చక్రపాణి.

నేను సగం కాలిన సిప్పంలోంచి ఆరిన పోగు ఒకటి లాగి అగ్గిపుల్ల గీశాను. మాది ధర్మవరంలో నేసే ఇల్లు. మా నాయన ఎవరిదగ్గర పట్టు కొన్నా ముందు ఒక పోగు దీపానికి చూపించేవాడు. అసలు పట్టయితే ముడుచుకుని నల్లటి పూస కడుతుంది. ఇది కాగితంలా భగ్గుమని తెల్లటి బూడిద రాలింది. వాసన కూడా తేలాలి. నా ముక్కు ముక్కుపొడుం దెబ్బకు ఏనాడో చచ్చింది.

“రాహేలమ్మా, ఇది వాసన చూడు. జుట్టు కాలిన వాసనా, కాగితం కాలిన వాసనా?”

ఆమె తీసుకుని వాసన చూసింది. “జుట్టు కాలిన వాసన నాకు చెప్పల్లనా అప్పా? ఆర్నెల్లు నా చీరెల్లోనుంచి పోలేదు అది. ఇది కాగితమే.”

“ఇది పట్టు కాదండీ చక్రపాణిగారూ. ఆర్టు సిల్కు, నకిలీ పట్టు. అసలు సరుకు ఎప్పుడో దాటిపోయింది. మీ కంపెనీవాళ్ళు వచ్చి చూసే లోపల దీన్ని బూడిద చెయ్యాలని నిప్పు పెట్టారు. మొత్తం కాలి ఉంటే నేనుగానీ మీరుగానీ ఏమీ తేల్చలేకపోయేవాళ్ళం. ఈమె తడిపిన గోనెసంచులే మనకు సాక్ష్యం మిగిల్చాయి.”

చక్రపాణి మొహం ఎర్రబడింది. కానీ అంత త్వరగా ఒప్పుకునే ఘటం కాదు. “అయితే సరుకు మార్చింది కూడా ఈవిడే! గోడౌను రెండో తాళంచెవి ఈవిడ చేతికింద ఉంది.”

“ఆ తాళంచెవి హాలు గోడకు అద్దాల పెట్టెలో బిగించి ఉంది. దాన్ని నిన్న మంట లేచినాక అందరి ఎదుటా ఇటుకతో పగలగొట్టింది. అంతకుముందు అద్దం చెక్కుచెదరలేదని హాల్లో కూర్చునే ప్రతి మనిషీ చెబుతుంది. పగలని అద్దంలోంచి తాళంచెవి తీసే విద్య మీకు తెలిస్తే నాకూ నేర్పండి.”

“మరి ఎవరు పెట్టినట్టు? అడిగిన ప్రతివాళ్ళూ గంట మోగినప్పుడు లోపలే ఉన్నామంటున్నారు. ఎవరు బయట ఉన్నారో మీకు ఎవరు చెబుతారు?” అని ఎదురు తిరిగాడు.

ప్రశ్న మంచిదే. నిజం చెప్పాలంటే నాకూ జవాబు తెలియదు. హాల్లోకి తిరిగి వచ్చాను. ఆడవాళ్ళు పెరట్లో బావి చుట్టూ గుంపుగా నిలబడి ఉన్నారు. ఆ గచ్చు నిప్పులా కాలుతోంది. ఒక్కొక్కరూ కాళ్ళు మార్చి మార్చి నిలబడుతున్నారు. వాళ్ళ అవస్థ చూస్తుంటే నా బుర్ర వెలిగింది.

“ఓబులేసూ! ఈళ్ళంతా వట్టికాళ్ళతో ఎందుకుండారు?”

“చెప్పులు వసారాలో ఉండాయి సార్. నిన్న మంట ఆరీ ఆరకముందే ముందరి వాకిలికి నేనే తాళమేసి సీలు పెడితి. ఇంగా తీయలేదు.”

“తియ్యి.”

వసారా తలుపు తెరిచాం. గోడవారన చెప్పులన్నీ వరుసగా ఉన్నాయి, ఎవరు విడిచినవి విడిచినట్టే. టైరు చెప్పులు, అతుకులు వేసినవి, వార్లు తెగితే పిన్నీసు పెట్టుకున్నవి. అన్నింటిమీదా మసి ఉంది. అంత మంటలో ఏ ఒక్క ఆడమనిషీ తన చెప్పులకోసం ఇటు రాలేదు. రాహేలమ్మ చెప్పిన మాట వాళ్ళకు అంతగా నాటుకుంది. ఆ వరుసను చూస్తే నాకు కళ్ళు చెమ్మగిల్లాయి.

“ఎవురివి వాళ్ళు తీసుకోండమ్మా!” అని కేక వేశాను.

వచ్చారు, తీసుకున్నారు. రాహేలమ్మ తనవి తీసుకుంది. గుమాస్తా తనవి తీసుకున్నాడు. చివరికి గచ్చుమీద ఒక్క జత కూడా మిగలలేదు.

నేను పాపన్న వైపు తిరిగాను. అతను వసారా బయట కిర్రు చెప్పులు తొడుక్కుని నిలబడి ఉన్నాడు.

“మేనేజరు గారూ, నిన్న మీరు అందర్నీ ముందుండి వెనక తలుపులోనుంచి నడిపించినారు గదా. మీ చెప్పులు నిన్నటినుంచి తాళమేసిన ఈ వసారాలోనే ఉండల్ల గదప్పా?”

పాపన్న తడబడింది ఒక్క క్షణమే. “నిన్న నేను వట్టికాళ్ళతోనే వస్తి సార్. చెప్పులు ఇంటికాడుండె.”

“అయితే నిన్న పెరట్లో మీ కాళ్ళకు చెప్పులు లేవు?”

“లేవు.”

“వసారాలో సామి ఉండాడు. ఆయప్ప ముందర చెప్పండి.”

“సామి సాక్షిగా లేవు. ఏం సార్, చెప్పులమీద ఇంత పంచాయితీ?”

“వెంకటక్కా, ఈడికి రా. ఆ కట్టు విప్పు.”

రాహేలమ్మే కట్టు విప్పింది. బొటనవేలు నల్లగా వాచి ఉంది. గోరు కింద అర్ధచంద్రంలా తెగిన గాటు స్పష్టంగా కనబడుతోంది. నేను వంగి, పాపన్న ఎడమకాలి చెప్పు లాగాను. మడమకింద ఇనుప లాడం కొట్టించి ఉంది. కిర్రు చెప్పులు అరగకుండా షోకు మనుషులు కొట్టించుకునే లాడం. దాన్ని గాటు పక్కన పెట్టాను. రెండు వంపులూ ఒకటే.

“వట్టికాళ్ళ జనంలో ఒక్క మనిషికే చెప్పులున్నాయి,” అన్నాను చక్రపాణితో. “గంట మోగకముందే వసారాలోకి వచ్చి తొడుక్కుని బయటికి పోయిన మనిషికి. లోపలికి పోయేటప్పుడు అలవాటు కొద్దీ విడిచాడు. నిప్పు పెట్టి వచ్చి, కొత్త చెప్పులు కాలిపోతాయని తొడుక్కున్నాడు. ఇంతమంది ఆడవాళ్ళు లోపలున్నారని వెనకాడనివాడు జత చెప్పులకోసం వెనకాడాడు.”

వెంకటక్క ఏడుస్తూ నోరు విప్పింది. “మేము బకెట్లు అందిస్తాంటే ఆ యప్ప ఉరికొచ్చినాడు సారూ. ‘కాలితే కాలనీ, వదిలేసి పోండి’ అని నా చేతిలో బకెట్టు గుంజినాడు. నేను ఇయ్యలే. అప్పుడు తొక్కినాడు. కిర్రుమన్యాది ఇన్యా. చెప్తే పని పోతాది, దుడ్లకు యాడికి పోదును? అందుకని నోరు మూసుకోనుంటి.”

“పిచ్చిదానా!” అంది రాహేలమ్మ, ఆమెను దగ్గరికి తీసుకుంటూ. “రేత్రంతా నిన్నే తిడ్తి గదే.”

ఓబులేసు బేడీలు తీశాడు. ఈసారి అవి పాపన్న చేతులకు పడ్డాయి. అతను గింజుకోలేదు, అరవలేదు. బేడీపడిన చేతిని పైకెత్తి గడియారం చూసుకున్నాడు. చూసుకుని నవ్వాడు.

ఆ నవ్వు చూశాకే నాకు తట్టింది. నేను వచ్చినప్పటినుంచీ అతను గడియారం చూస్తూనే ఉన్నాడు. నేను ఎందుకని అడగలేదు.

“చక్రపాణిగారూ! ధర్మవరం షెడ్డులో సరుకు కూడా తనిఖీ చేస్తానని మీరు ఎవరితోనైనా అన్నారా?”

“అన్నాను. రేపు వెళతానని నిన్న సాయంత్రం ఇతనితోనే...” మాట పూర్తికాకముందే చక్రపాణి నోట్లోని పైపు కిందపడింది.

చిన్నప్ప. పొద్దున రైలుకు ధర్మవరం పోయిన గోడౌను కాపలా మనిషి. సమాచారం చెప్పడానికి కాదు.

“ఈడ సగమే కాలింది,” అన్నాడు పాపన్న తాపీగా. “ఆడ గోనెసంచులు తడిపే యమ్మ లేదులే.”

ఆఫీసులోకి పరుగెత్తాను. ఫోను తీసి అరిచాను. “ధర్మవరం! లైట్నింగ్ కాల్! ప్రాణాలమీదికొచ్చింది తల్లీ, బెరీన ఇయ్యి!” హిందూపురం ఎక్స్ఛేంజి అమ్మాయి పెనుకొండను పిలిచింది, పెనుకొండ ధర్మవరాన్ని పిలిచింది. మధ్యలో గరగరమని శబ్దం. రంగుల షెడ్డు నాకు బాగా తెలుసు. పట్టు ఉడకబెట్టే పొయ్యిలు, చుట్టూ కట్టెలు, లోపల దారం చుట్టే ఆడవాళ్ళు. ఉన్నది ఒకే వాకిలి.

రాహేలమ్మ నా పక్కకు వచ్చి నిలబడింది. ఆమె మొహంలో నెత్తురు లేదు.

“ఆ తలుపు లోపలికి తెరుచుకుంటాది అప్పా,” అంది. “ఎన్ని ఆదివారాలు చూసినానో ఆ తలుపును.”

నేను ఆమెవైపు తిరిగాను. “ఆదివారం ఆదివారం నువ్వు పోయేది...”

“ఆ షెడ్డుకే. మేనేజరు వద్దన్యాడు. నేను నేర్పిచ్చినట్లు తెలిస్తే వాళ్ళను పనిలోనుంచి తీసేస్తాడని దొంగగా పోయి నేర్పిస్తి. గంట కట్టిచ్చినా, జతలు కలిపినా. తలుపు మటుకు తిప్పియ్యలేకపోతి. తలుపు పనికి వడ్లాయన్ను పిలిస్తే మేనేజరుకు తెలిసిపోతాది గదా!”

“హలో! ఎవురూ?” అంది ఫోనులో ఒక ఆడగొంతు. షెడ్డు మేస్త్రీ అనసూయమ్మ.

నేను నోరు తెరిచేలోగా ఆ గొంతు వెనకనుంచి ఒక శబ్దం వచ్చింది. ఇనుముమీద ఇనుము. మూడు దెబ్బలు. మళ్ళీ మూడు దెబ్బలు.

రాహేలమ్మ నా చేతిలో ఫోను లాక్కుంది. “అనసూయా! నేను రాహేలమ్మను! తలుపుకాడ తోసుకోవద్దని చెప్పు! ముందరున్నోళ్ళకు తావియ్యమను! వెనక్కి జరిగి లాగండే! అనసూయా!”

అవతల ఫోను ఎక్కడో బల్లమీద పడిన చప్పుడు వినిపించింది. తర్వాత గంట, మనుషుల అరుపులు, నీళ్ళు కుమ్మరించే శబ్దం. ఆమె కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతోంది. నేను ఫోనుకు చెవి ఆనించి నిలబడ్డాను. చక్రపాణి కోటు విప్పి చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయాడు. అతన్ని కోటు లేకుండా చూడడం అదే మొదలు. ఆడవాళ్ళు కిటికీ దగ్గర గుమిగూడారు.

గంట ఆగింది. ఎంతసేపటికో పేర్లు వినబడసాగాయి. ఒకరు పిలవడం, ఇంకొకరు పలకడం. మళ్ళీ ఇంకొకరు పిలవడం, పలకడం. పలికిన ప్రతి పేరుకూ రాహేలమ్మ తల ఊపుతోంది.

ఫోను మళ్ళీ ఎత్తారు.

“అమ్మా, ఉండావా?” ఆయాసపడుతూ అడిగింది అనసూయమ్మ. “పొగ సూస్తానే గంట కొడితిమి. కట్టెల పక్కన అంటుకున్యాది. నీళ్ళు పోసి అణిగిస్తిమి. ఒక్కరికి గూడా ఏం కాలే.”

“తలుపో? తలుపుకాడ ఎట్ల దాటినారే?”

“తలుపు యాడిదమ్మా?” అంది అనసూయమ్మ. “మొన్న ఆదివారం నువ్వు బెంగుళూరు సంగతి చెప్పి ఏడ్చిపోయినావు గదా. నువ్వు రైలెక్కినాక అందరం కలిసి ఆ తలుపును ఊడబీకి పక్కనేస్తిమి. చెదలు తినిందని మేనేజరుకు చెప్పినాం.”

రాహేలమ్మ బెంచీమీద కూలబడింది. తెల్లచీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గట్టిగా ఏడ్చేసింది. ఎవరూ ఓదార్చలేదు. ఓదార్చవలసిన ఏడుపు కాదది. పాపన్న మొహం మాత్రం వాడిపోయింది.

ఫోను నేను తీసుకున్నాను. “అనసూయమ్మా, నేను రుద్రప్పను. అందరూ లెక్కకు వచ్చినారా?”

“అందరూ వచ్చినారు అన్నా. జతకు జత పలికినారు,” అంది అనసూయమ్మ. “ఒగ మనిషి మాత్రం ఎక్కువుండాడు. మాతోపాటు పొగలోనుంచి ఉరికొచ్చి వరసలో నిలబడినాడు. నీ జత ఎవురప్పా అంటే నోరు మెదపడంలే. చేతిలో అగరుబత్తుల కట్ట ఉండాది. ఏం చేయమంటావు?”